రామప్పకు యునెస్కో వచ్చింది సరే, మన ఊరి పాత గుడి సంగతేంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ జిల్లా పేజీల ఒక ఫోటో చూసిన. జాతర దగ్గరికొచ్చిందని ఒక ఊర్ల కాకతీయుల నాటి శివాలయం స్తంభాలకు నీలం, గులాబీ ఎనామిల్ పెయింట్ వేసిండ్రు, మండపంల పాత బండలు కనపడకుండ మెరిసే టైల్స్ పరిచిండ్రు, నంది మెడల చెక్కిన గంటల పట్టీకి బంగారు రంగు పూసిండ్రు, గుడికి కొత్త కళ వచ్చిందని కింద వార్తల సంతోషంగ రాసిండ్రు. ఊరోళ్ల మీద నాకు కోపం లేదు, ఇంటింటికి తిరిగి చందాలు జమ చేసి భక్తితోని చేసిన పని అది, చేసినోళ్ల మనసు మంచిదే. కానీ ఆ రాయిని ఆ పెయింట్ ఏం చేస్తదో వాళ్లకు చెప్పినోళ్లు ఎవరూ లేరు, చెప్పాలన్న ఎవరు చెప్పాలె ఎప్పుడు చెప్పాలె అనే పద్ధతే మన దగ్గర లేదు, నా బాధంత దాని గురించే. ఉత్తరం కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదివి వేస్తరని ఆశ.

నేను హన్మకొండల ఉంటా, సివిల్ ఇంజినీరుగ చేసి రిటైరైన. మా బిడ్డ, అల్లుడు ఇంగ్లండ్ల హియర్‌ఫర్డ్ అనే టౌన్‌ల ఉద్యోగాలు చేసుకుంటరు. వాళ్ల దగ్గరికి పోయినప్పుడు అక్కడికి పదిహేను కిలోమీటర్ల లోపల్నే, వేల్స్ సరిహద్దు దిక్కు, కిల్‌పెక్ అనే పల్లెటూరి చర్చికి తీసుకపోయిండ్రు. ఇంగ్లీషోళ్ల చర్చి అంటే మనకు మెదక్ చర్చే యాదికొస్తది, ఆకాశమెత్తు టవర్, రంగు రంగుల అద్దాల కిటికీలు, కొసకు మొనదేలిన ఆర్చీలు. అది 1924ల పూర్తయిన కట్టడం, ఆ తీరు మాత్రం యూరప్‌ల 12వ శతాబ్దం నుంచి నడిచిన గోతిక్ తీరు. కిల్‌పెక్ దానికంటే పాత తీరు. నార్మన్లు అని ఫ్రాన్స్ దిక్కు నుంచి వచ్చి 1066ల ఇంగ్లండ్‌ను గెలిచిండ్రు చూడండి, వాళ్ల కాలం తీరు, దాంట్ల ఆర్చీలు మొనదేలి ఉండవు, సగం చక్రం లెక్క గుండ్రంగ ఉంటయి, గోడలు బాగా దొడ్డు, కిటికీలు చిన్నవి.

ఆ చర్చిని హ్యూ ఆఫ్ కిల్‌పెక్ అనే ఒక దొర 1140 ప్రాంతంల కట్టించిండు, పక్కనే ఆయన కోట దిబ్బ ఇప్పటికీ ఉన్నది. మేరీ మాత పేరు మీద, డేవిడ్ అనే సెయింట్ పేరు మీద ఉన్న చర్చి. చాలా చిన్నది. జనం కూసునే హాలు, దాని ముందట ఫాదర్ పూజ చేసే చిన్న గది, దాని చివర్ల అర్ధచంద్రం లెక్క తిరిగిన కొస, తూర్పు మొఖాన, ఇవే మూడు భాగాలు, అంతే. నాకైతే మన రంగమండపం, అంతరాళం, గర్భగుడి ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టే అనిపించింది. తేడా ఏందంటే మనోళ్లు స్తంభం మీద దూలం పెట్టి కట్టిండ్రు, వాళ్లు ఆర్చీ తిప్పి కట్టిండ్రు, లోపల ఆ చివరి అర్ధచంద్రం మీద రాతి పక్కటెముకల తోని కప్పు కూడ తిప్పిండ్రు. రాయి ఎర్ర ఇసుకరాయి, మన రామప్పది కూడ ఇసుకరాయే.

సంవత్సరాలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. కిల్‌పెక్ 1140 ప్రాంతం. మన వేయిస్తంభాల గుడి కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది, శాసనం 1163ది. రామప్ప కాకతీయుల సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టించింది 1213ల. అంటే ఇక్కడ రుద్రదేవుడు శాసనం వేయించే నాటికి అక్కడ ఆ చిన్న చర్చి తలుపు చుట్టు ఉన్న చెక్కడం ఇంకా ఒక తరం కూడ దాటలే. ఒకళ్ల సంగతి ఒకళ్లకు తెల్వదు, అయినా రెండు దిక్కుల కూడ శిల్పులు ఉలి పట్టుకొని రాయి మీద తీగలు, పక్షులు, జంతువులు, కుస్తీ పట్టేటోళ్లు, వాయించేటోళ్లను చెక్కుకుంట కూసున్నరు.

దక్షిణం దిక్కు తలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డనో నాకే తెల్వదు. తలుపు మీద సగం చక్రం రాయిల ద్రాక్షగుత్తుల చెట్టు ఒకటి ఉన్నది, జీవవృక్షం అంటరు. చుట్టూత ఆర్చీల మీద గొలుసు లెక్క ఒకదానికొకటి తగిలిచ్చిన గుండ్రటి బిళ్లలు, ఒక్కో బిళ్లల ఒక పక్షో ఒక డ్రాగనో. ఎడమ పక్క కంబం మీద ఇద్దరు సైనికులు, టోపీలు పెట్టుకొని పొడుగు పైజామాల లెక్క తొడుక్కున్నరు, వాళ్లు తీగల మధ్యల చిక్కుకొని ఉన్నరు, ఆ పైజామా గీతలు కూడ ఒక్కొక్కటి లెక్కబెట్టొచ్చు, అంత సాఫ్‌గ ఉన్నయి. చూరు కింద చుట్టూత రాతి బ్రాకెట్లు, మొదలు 91 ఉండేనట, ఇప్పుడు 85 ఉన్నయి. ఒక దాని మీద కుక్క, కుందేలు పక్కపక్కన కూసొని ఉంటయి, వేటాడే కుక్క, వేటకు దొరికే కుందేలు, రెండు చిన్న పిల్లల లెక్క మనల్ని చూస్తుంటయి. ఒక దాని మీద వాయిద్యం వాయించేటాయన. 85ల ఏ రెండూ ఒక్క తీరుగ లేవు. మన రామప్ప మదనికలు అందంల, పనితనంల ఎక్కడో ఉంటయి, దాంట్ల నాకు అనుమానం లేదు, ఆ నల్లరాతి నునుపు ప్రపంచంల ఎక్కడ లేదు. నేను మాట్లాడేది పనితనం గురించి కాదు, తొమ్మిది వందల ఏండ్ల నాడు చెక్కింది పల్లెటూర్ల, పెద్ద టూరిస్టు హడావుడి లేని జాగల, ఎట్ల నిలబడ్డది అనేదాని గురించి.

రాయి మంచిది, చూరు నీడ ఉన్నది, నిజమే. కానీ అదే శిల్పుల గుంపు, లేకపోతే అదే బడికి చెందినోళ్లు, అదే జిల్లాల షాబ్డన్ అనే ఊర్ల కూడ చర్చి చెక్కిండ్రు. 1750ల ప్రాంతంల అక్కడి జమీందారు కుటుంబం ఆ పాత చర్చిని విప్పేసి కొత్త ఫ్యాషన్‌ల ఇంకోటి కట్టుకున్నది. పాత చర్చి ఆర్చీలు పారేయబుద్ధి కాక తీసుకపోయి గుట్ట మీద అలంకారం కోసం నిలబెట్టిండ్రు, పైన కప్పు లేదు. ఆ వానకు ఆ మంచుకు ఇప్పుడు చెక్కడం చాలా వరకు కరిగిపోయింది, అవి ఎట్ల ఉండేనో తెలుసుకోవాలంటే 1850ల నాడు ఒకాయన గీసి అచ్చేసిన బొమ్మలే ఆధారం. ఒకే కాలం, ఒకే చేతిపని, ఒకటి చూరు కింద బతికింది, ఇంకోటి కప్పు పోయి పాయె. మన దగ్గర కూడ గుడి పడిపోతే స్తంభాలు తెచ్చి రోడ్డు పక్కన, ఆఫీసుల ముందట నిలబెట్టేటోళ్లు షాబ్డన్ కథ ఒక్కసారి తెలుసుకోవాలె.

ఇంగ్లండోళ్లు మొదటి నుంచి అన్నీ మంచిగనే కాపాడుకున్నరని నేను అంటలేను. 19వ శతాబ్దంల వాళ్లు చేసిన పాడు ఇంత అంత కాదు. పాత చర్చీలకు పునరుద్ధరణ అని పేరు పెట్టి, గోడల మీద పాత గచ్చు గీకేసి, అరిగిన చెక్కడం తీసేసి కొత్తది చెక్కి పెట్టి, మధ్యల వచ్చిన మార్పులన్ని పీకేసి, మొదలు ఇట్లనే ఉండేనని వాళ్లకు తోచినట్టు కట్టేసిండ్రు. విలియం మోరిస్ అనే కవి, డిజైనరు బర్‌ఫర్డ్ అనే ఊరి చర్చిల ఇట్లాంటి పని చూసి తట్టుకోలేకపోయిండు, తర్వాత ట్యూక్స్‌బరి చర్చికి కూడ అదే గతి పడుతున్నదని తెల్సి 1877 మార్చిల ఎథీనియం అనే పత్రికకు ఉత్తరం రాసిండు. ఎడిటర్‌కు రాసిన ఉత్తరమే! అదే నెలల పాత కట్టడాల రక్షణ సంఘం పుట్టింది, ఇప్పటికీ నడుస్తున్నది. గీకుడు పనికి వ్యతిరేకం కాబట్టి వాళ్లను గీకుడు వద్దనేటోళ్లు అని పిలిచేటోళ్లు. వాళ్లు మొదలు చెప్పింది ఒక్కటే మాట, పాతదాన్ని కొత్తగ చేయకండి, రోజు రోజు చిన్న చిన్న పని చేసుకుంట పాడు కాకుండ చూసుకోండి, గోడ ఒరిగితే ఆనిక పెట్టండి, కప్పు కారితే కారకుండ చేయండి, గంతే. నాకు ఇదే అసలు మాట అనిపిస్తది.

ఇగ పెయింట్ విషయం. ఇసుకరాయి లోపల సన్నటి రంధ్రాలుంటయి, వానకు తడి పీల్చుకుంటది, ఎండకు వదిలేస్తది. ఎనామిల్ పెయింట్ వేస్తే ఆ దారి బంద్ అయితది. నీళ్లు పునాది నుంచి, పైకప్పు సందుల నుంచి ఎట్లనన్న లోపలికి వస్తనే ఉంటయి, బయటికి మాత్రం పోవు, నీళ్లల్ల ఉన్న ఉప్పు పెయింట్ వెనక గడ్డకట్టి రాయి పైపొరను నెట్టేస్తది, కొన్ని ఏండ్లకు పెయింట్ పెచ్చు లేస్తది, దానితోని చెక్కడం కూడ లేస్తది. అప్పుడు మనోళ్లు ఏం చేస్తరు, ఇంకో కోటు వేస్తరు. లేకపోతే పెయింట్ తీయాలని ఇసుకను ప్రెషర్ మీద కొట్టిస్తరు, యాసిడ్ పోస్తరు, దాంతోని శిల్పి ఉలి వేసిన అసలు పొరే పోతది, అది పోయినంక మళ్లీ తెచ్చేటోడు లేడు. గ్రానైట్, నల్లరాయి అయితే కొంత తట్టుకుంటయి, అయినా చెక్కడంల సన్నటి గీతలన్ని రంగు కింద పూడుకపోతయి.

సిమెంట్ కూడ ఇంతే. రాళ్ల మధ్య సందుల డంగు సున్నం ఉంటే అది రాయి కంటే మెత్తగ ఉంటది, తడి సందుల నుంచి బయటపడ్తది, పాడయితే సున్నం పాడయితది, రాయి మిగుల్తది. సిమెంట్ పెడితే సందు గట్టిగయి తడి రాయిలకు మళ్లుతది, ఇగ పాడయ్యేది రాయే. ఇంగ్లండ్ల కూడ చాలా చర్చీలకు సిమెంట్ పెట్టి ఈ దెబ్బ తిన్నరు, ఇప్పుడు జాగ్రత్తగ తీసి మళ్లీ సున్నం పెట్టుకుంటున్నరు. ఇంజినీరుగ సర్వీసు మొత్తం సిమెంట్ తోనే పని చేసిన నేను చెప్తున్న, కొత్త కట్టడానికి సిమెంట్ మంచిది, పాత రాతి గుడికి కాదు.

మరి సున్నం వేసుడు మన ఆనవాయితీ కదా అని అడుగుతరు. గోడకు సున్నం వేరు, పెయింట్ వేరు. సాల్స్‌బరి టౌన్‌ల సెయింట్ థామస్ చర్చిల 1470ల ప్రాంతంల ఒక పెద్ద చిత్రం వేసిండ్రు, చివరి దినం నాడు దేవుడు తీర్పు చెప్పుడు, పుణ్యాత్ములు ఒక పక్క, పాపాత్ములు ఒక పక్క. మతంల మార్పులొచ్చి బొమ్మలు వద్దన్నరు, 1593ల దాని మీద సున్నం కొట్టిండ్రు. 1819ల ఆ సున్నం కింద బొమ్మ మళ్లీ బయటపడ్డది! సున్నం తీస్తే కింద ఉన్నది దక్కింది, గాలాడనిచ్చింది. ఎనామిల్ కింద ఏది దక్కదు. అట్లని చెక్కిన శిల్పాలకు సున్నం వేయమని కాదు, వాటికి ఏదీ వద్దు.

ఇప్పుడు అసలు సంగతి, అక్కడ పద్ధతి ఎట్లుంటది. మధ్యయుగం నుంచే చర్చిల ఏ భాగం ఎవరు చూసుకోవాలె అనేది పంచుకున్నరు. జనం కూసునే హాలు ఊరోళ్ల బాధ్యత, ముందట పూజ జరిగే భాగం ఆ చర్చి భూముల ఆదాయం ఎవరికి పోతదో వాళ్ల బాధ్యత. ఇది ఎంత గట్టిదంటే వార్విక్‌షైర్ల ఆస్టన్ కాంట్లో అనే ఊర్ల ఒక జంటకు వచ్చిన పొలానికి ఆ పాత బాధ్యత అంటుకొని ఉండె, చర్చి రిపేరు ఖర్చు మీరే పెట్టుకోవాలని, అప్పుడు వాళ్ల పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాక కేసు పోయి 2003ల వాళ్ల మీదికే తీర్పు వచ్చింది. పాపం ఆ ఇద్దరికి అది చాలా భారమైంది, అది న్యాయమని నేను అనను. కానీ మన దిక్కు చూడండి, కాకతీయుల శాసనాలు చదివితే గుడి దీపానికి ఇంత భూమి, చెరువు కింద ఇంత మడి, అని రాసి ఉంటది, ఆ మాన్యాలు ఇనాంలు ఇయ్యాల ఎవరి చేతిల ఉన్నయో ఊర్ల అందరికి తెలుసు, గుడి పైకప్పు మీద రావి చెట్టు మొలిస్తే మాత్రం ఆ భూమికి ఆ గుడికి సంబంధమే లేనట్టు ఉంటది.

అక్కడ ఊరి చర్చికి వార్డెన్లు ఉంటరు, ఏటా ఊరోళ్లు ఎన్నుకుంటరు, జీతం లేదు. చర్చిల ఏమేం సామాన్లు ఉన్నయో, ఏ రిపేరు ఎప్పుడు చేసిండ్రో రాసే బుక్కు వాళ్ల దగ్గర ఉండాలె, అది చట్టంల ఉన్నది. 1955ల వచ్చిన చట్టంతోని మొదలైన పద్ధతి ప్రకారం ప్రతి చర్చిని ఐదేండ్లకు ఒకసారి ఆర్కిటెక్టో, అర్హత ఉన్న సర్వేయరో వచ్చి పునాది నుంచి కప్పు దాక చూసి, వెంటనే చేయాల్సింది ఏది, తర్వాత చేయాల్సింది ఏది, అని రిపోర్టు రాసియ్యాలె. గోడకు రంగు మార్చాలన్నా, బెంచీలు తీసేయాలన్నా, పాత రాయి జరపాలన్నా చర్చి కోర్టు నుంచో, చిన్న పనైతే చర్చి పై అధికారి నుంచో పర్మిషన్ రావాలె, ఫాదర్ ఇష్టం కాదు, చందా ఇచ్చినాయన ఇష్టం కాదు. మా బిడ్డ వాళ్లు ఉండే దగ్గర ఒక చర్చిల నేను కండ్లార చూసిన, ఆకులు రాలే కాలంల ఒక పెద్దమనిషి నిచ్చెన వేసుకొని కప్పు అంచున గొట్టంల ఇరుక్కున్న ఆకులు చేత్తోని తీస్తున్నడు, కింద ఒకామె బకెట్ పట్టుకొని నిలబడ్డది. ఇదేంది ఇంత పెద్దాయన ఎక్కిండు అంటే, ఈ గొట్టం జామ్ అయితే నీళ్లు గోడలకు దిగుతయి, గోడల దిగితే వేల పౌండ్లు, ఇప్పుడు తీస్తే పైసా ఖర్చు లేదు అన్నడు.

వాళ్లకు పైసలున్నయి, మనకెక్కడివి అంటరు. ఊరి చర్చి మామూలు నిర్వహణకు అక్కడ కూడ ప్రభుత్వం నెల నెలా పైసలియ్యదు, ఊరోళ్లే కేకులు అమ్మి, సంతలు పెట్టి, చందాలు వేసి జమ చేస్తరు, పెద్ద పని వస్తే గ్రాంట్లకు దరఖాస్తు పెట్టుకుంటరు. కష్టాలు కూడ మస్తు ఉన్నయి, ప్రార్థనకు వచ్చేటోళ్లు తగ్గిండ్రు, కప్పు మీద సీసం రేకులు దొంగలు పీక్కపోతున్నరు, జనం లేక మూతబడ్డ చర్చీలను చూసుకోవడానికి 1969ల ఒక ట్రస్టు పెట్టాల్సి వచ్చింది, దాని చేతిల ఇప్పుడు 350 పైనే చర్చీలున్నయి. అంటే గుడి నిండ జనం ఉండి, జాతరకు లక్షలు ఖర్చు పెట్టగలిగే మన ఊర్లు వాళ్లకంటే మంచి స్థితిల ఉన్నయి.

రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది, గుండె నిండింది. వేయిస్తంభాల గుడి కళ్యాణమండపం 2006ల విప్పి మొదలుపెడితే 2024ల మళ్లీ తెరిచిండ్రు. ఒక్క మండపం విప్పి మళ్లీ నిలబెట్టుడు ఎంత పెద్ద పనో దాంతోనే తెలుస్తది, అదే పని ఉత్తర తెలంగాణల ఉన్న ప్రతి చిన్న గుడికి చేయడం ఏ సర్కారు వల్ల కాదు. ములుగు రోడ్డు మీద పోతుంటే కటాక్షపూర్ చెరువు పక్కన గుళ్లు చూడండి, గణపురం కోటగుళ్లు చూడండి, ఇట్ల పేరన్న తెలిసినయి కొన్ని, పేరు కూడ పేపర్ల రానియి పొలాల మధ్యల, చెరువు కట్టల మీద ఎన్నో. వీటికి మూడు పోట్లు. పిట్టలు వేసిన రావి గింజ శిఖరం సందుల మొలుస్తది, మొలక ఉన్నప్పుడు వేలితోని పీకొచ్చు, నాలుగేండ్లు వదిలేస్తే వేరు రాళ్లను విడదీస్తది, అప్పుడు గుంజితే వేరుతోని రాళ్లు కూడ వస్తయి. రెండోది గుప్తనిధుల పిచ్చి, రాత్రి వచ్చి పానవట్టం పెకిలించి తవ్విపోతరు. మూడోది మన ప్రేమ, అంటే పెయింట్, టైల్స్, సిమెంట్. మొదటి రెండింటి మీద అందరు మాట్లాడ్తరు, మూడోది చెప్తే దేవుని పనికి అడ్డం వస్తున్నవా అంటరు. పూజ ఆగాలని ఎవరంటున్నరు? కిల్‌పెక్‌ల కూడ ప్రార్థన జరుగుతనే ఉన్నది. దేవునికి మామిడి తోరణం కట్టండి, పూలదండలు వేయండి, లైట్లు పెట్టండి, జాతర అయినంక తీసేయండి, అవేవీ రాయిని తినయి.

నేను అడిగేది పెద్దది కాదు. పాత గుడి ఉన్న ప్రతి ఊర్ల గుడి కమిటీ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాలె, దాంట్ల గుడి నాలుగు దిక్కుల ఫోటోలు అతికించి, ప్రతి స్తంభానికి నెంబరు వేసి, ఏ రోజు ఏం పని చేసిండ్రో, పైసలు ఎవరిచ్చిండ్రో రాయాలె. జిల్లాకు ఒక చిన్న బృందం ఉండాలె, కాకతీయ యూనివర్సిటీ చరిత్ర వాళ్లు ఒకరు, నిట్ సివిల్ వాళ్లు ఒకరు, రాతి పని తెలిసిన స్థపతి ఒకరు, పురావస్తు శాఖ నుంచి ఒకరు, వీళ్లు ఐదేండ్లకొకసారి ప్రతి గుడి చూసి ఒక పేజీ రాసిస్తే చాలు. పెయింట్, టైల్స్, సిమెంట్, ఈ మూడు పనులకు ఆ బృందం సంతకం లేకుండ చేయి పెట్టొద్దని కలెక్టర్ గారు ఒక ఆర్డర్ ఇస్తే జాతర ముందట తొందరల జరిగే నష్టం చాలా వరకు ఆగుతది. రాష్ట్రంల 2017 నాటి వారసత్వ చట్టం ఎట్లాగు ఉన్నది, దానికి ఊరు దాక చేరే చేతులు కావాలె.

మీ పేపర్‌కు కూడ ఒక విన్నపం. వారానికొక గుడి ఫోటో జిల్లా పేజీల వేయండి, పెద్ద గుడి కాదు, పొలంల ఉన్నది, పైన చెట్టు ఎంత పెరిగిందో, ఏ రాయి జరిగిందో ఆ ఫోటోల కనపడాలె. రంగులేసిన గుడి ఫోటో వస్తే కొత్త కళ అని రాసే ముందు రాయి తెలిసినోళ్లను ఒక్క మాట అడగండి. ఉగాది నుంచి మృగశిర కార్తె లోపల, వానలు పడకముందు, ఊరి పిల్లలు నలుగురు నిచ్చెన వేసి గుడి మీద రావి మొలకలు పీకి, నీళ్లు పోయే తూములల్ల మట్టి తీస్తే ఆ ఏడాదికి అదే పెద్ద రిపేరు. చెట్టు ముదిరితే మాత్రం గుంజొద్దు, మొదలు దగ్గర కోసి, తెలిసినోళ్లను పిలిచి వేరుకు మందు పెట్టించాలె. పీకిన రోజు ఫోటో తీసి ఆ నోట్‌బుక్‌ల అతికించి, మీ విలేకరికి కూడ ఒకటి పంపిస్తే మీరు వేయాలె.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంజినీరు,
హన్మకొండ